ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంది?

“ఇంజనీరింగ్ చదివి, ఆపైన ఎం.ఎస్.కి, పిహెచ్.డి.కి పోదామనుకునే ఆడపిల్లల గొడవ కూడా మన పత్రికకెక్కాలా? ఉపాధి హామీ కూలి డబ్బులు నెలల తరబడి అందని స్త్రీలు, మైక్రోఫైనాన్సు అప్పుల్లో మునిగిన స్త్రీలు ఇంతమంది ఉండగా?” అని మన సంఘంలోని మిత్రులే అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న వెనక పాతబడిపోయిన ఒక బొమ్మ ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఆడపిల్ల అనగానే ఇంకా డాక్టరు గారి అమ్మాయో, ఆఫీసరు గారి అమ్మాయో మన కళ్ళముందు మెదులుతుంది. నేను పదిహేడేళ్ళు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పాను. మిరప కోతలకు కూలికి పోయే తల్లుల కూతుళ్ళు, బీడీలు చుట్టే తల్లుల కూతుళ్ళు, ఆటో నడిపే తండ్రుల కూతుళ్ళు నా క్లాసుల్లో ముందు బెంచీల్లో కూర్చున్నారు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక, మూడో వంతు సీట్లు స్త్రీలకు కేటాయించి ఉన్నందువల్ల, దళిత, బి.సి. ఇళ్ళ నుంచి మొట్టమొదటి ఇంజనీరు ఆడపిల్ల అయిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ కొల్లలుగా ఉన్నాయి. ఆ పిల్ల బి.టెక్.తో ఆగిపోతుందా, పైకి వెళుతుందా అన్నది మన సమస్య కాకపోతే మరెవరి సమస్య?

లోపలికి రానిచ్చారు కదా, ఇంకేం కావాలి అంటారు యాజమాన్యాలు. రానిచ్చిన మాట నిజమే. క్లాసుగదిలోకి రానిచ్చారు. ల్యాబ్‌లోకి రానివ్వలేదు. నా తగాదా అంతా దీని మీదే.

పైచదువుల్లో ప్రవేశం ఎలా దొరుకుతుందో ముందు చెప్పుకోవాలి. మన కార్యకర్తల్లో చాలామందికి ఇది తెలియని దారి. ఎం.టెక్.కి గేట్ పరీక్ష ఉంది. అందులో స్కోరు వస్తే చాలాచోట్ల సీటు వస్తుంది, అక్కడ ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. (ఆడపిల్లలకు గేట్ ఫీజు సగమే. ఫీజులో సగం తగ్గించడానికి ప్రభుత్వానికి ఎప్పుడూ అభ్యంతరం ఉండదు. సాయంత్రం అయిదు దాటాక ల్యాబ్‌లో కూర్చోనివ్వమంటేనే అభ్యంతరం.) కానీ పరిశోధన చదువులకు, అంటే బెంగుళూరు ఐఐఎస్‌సిలో పరిశోధన ఎం.టెక్.కి గానీ, మద్రాసు ఐఐటిలో ఎం.ఎస్.కి గానీ, ఎక్కడి పిహెచ్.డి.కి గానీ పరీక్ష గడప మాత్రమే. అది దాటాక ఇంటర్వ్యూ. అక్కడ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి: “బి.టెక్.లో నువ్వేం చేశావు? ఆ ప్రాజెక్టులో నీ చేతుల మీదుగా జరిగిందేమిటి?”

అమెరికా సంగతి మరింత స్పష్టం. అక్కడ డిపార్టుమెంటులోని అధ్యాపకుల కమిటీ దరఖాస్తులు చదివి నిర్ణయిస్తుంది. మార్కులు, ఉద్దేశపత్రం, మామూలుగా మూడు సిఫార్సు ఉత్తరాలు. 2020 తరువాత చాలా విశ్వవిద్యాలయాలు జి.ఆర్.ఇ. అడగడం మానేశాయి. పరీక్ష బరువు తగ్గిన మేరకు ఉత్తరాల బరువూ, పరిశోధన అనుభవం బరువూ పెరిగింది. అమ్మయ్య, ఒక పరీక్ష ఖర్చు తగ్గిందని మన పిల్లలు సంబరపడ్డారు. కానీ ఆ పరీక్ష ఊరూ పేరూ లేని కాలేజీలో చదివిన పిల్ల తన తెలివిని ఎవరి దయా లేకుండా రుజువు చేసుకోగల ఒకే ఒక్క చోటు. అది పోయాక ఆమె భవితవ్యం పూర్తిగా ఆ మూడు ఉత్తరాలు రాసేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది.

ఆ ఉత్తరాలు మన కాలేజీల్లో ఎలా పుడతాయో నాకు తెలుసు. పిల్లలే రాసుకొస్తారు, మేం సంతకం పెడతాం. “క్రమశిక్షణ గల విద్యార్థిని, హాజరు బాగుంది, వినయశీలి.” ఆడపిల్లలకైతే ఆ వినయశీలి తప్పనిసరి. ఎక్కడో ఒహాయోలోనో, టెక్సాస్‌లోనో కమిటీలో కూర్చున్న ప్రొఫెసరుకు ఆమె వినయంతో పనేమిటి? కొలతల్లో తేడా వచ్చినప్పుడు ఈ పిల్ల ఏం చేసింది, సర్క్యూట్ పనిచేయకపోతే ఎన్నిసార్లు విప్పి కట్టింది, చెప్పని దాన్ని తనంతట తాను ఆలోచించిందా అన్నది వాళ్ళకు కావాలి. ఆ మాట రాయాలంటే రాసేవాడు ఆమెను ఆ పనిలో చూసి ఉండాలి. చూడాలంటే ఆమె ల్యాబ్‌లో ఉండాలి.

ఆమె ఎందుకు లేదు?

మన కాలేజీల్లో చాలావరకు ఊరి బయట పొలాల మధ్య ఉంటాయి. సాయంత్రం నాలుగున్నరకు బస్సులు కదులుతాయి. బస్సు తప్పితే ఆడపిల్లకు ఇల్లు చేరే దారి లేదు. హాస్టల్లో ఉండే పిల్లకైతే ఆరు గంటలకు హాజరు. మగపిల్లలు కాలేజీ గేటు ఎదురుగా గదులు అద్దెకు తీసుకుని ఉంటారు. ల్యాబ్ అసిస్టెంటుకు టీ ఇప్పించి తాళం చెవి అడిగి తీసుకుంటారు, రాత్రి తొమ్మిదింటిదాకా రోబోతోనో, డ్రోన్‌తోనో కుస్తీ పడతారు. నేను వాళ్ళను తప్పుపట్టను. ఇంజనీరింగ్ అలాగే నేర్చుకోవాలి. కాలేజీ టైమ్‌టేబుల్లో ఉన్న మూడు గంటల ల్యాబ్‌లో ఎవరూ ఏమీ కనిపెట్టరు. రీడింగులు ముందే తెలిసిన ప్రయోగాన్ని ఇంకోసారి చేసి రికార్డులో ఎక్కిస్తారు, అంతే. నిజమైన పని ఆ తరువాత మొదలవుతుంది. ఆ తరువాతి గంటలను ‘భద్రత’ పేరుతో ఆడపిల్లల నుంచి లాగేసుకున్నాం.

భద్రత కోసమే అంటారు. అయితే దీపాలు పెట్టించండి, రాత్రి ఎనిమిదికి ఇంకో బస్సు నడపండి, ల్యాబ్‌లో ఒక మహిళా సిబ్బందిని ఉంచండి. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు. ఆడపిల్లను గదిలో పెట్టి తాళం వేయడానికి పైసా ఖర్చు లేదు. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ అని లేచినా, 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర నిబంధన మీద కేరళ హైకోర్టు గడప ఎక్కినా, మన ఇంజనీరింగ్ కాలేజీ యాజమాన్యాల చెవిన పడలేదు. అక్కడి పిల్లలు తొమ్మిదిన్నర చాలదని కొట్లాడారు. మన దగ్గర ఆరున్నర అడిగినా ధిక్కారమే.

ఇక ఆఖరు సంవత్సరం ప్రాజెక్టు. నలుగురైదుగురిని ఒక బ్యాచ్‌గా వేస్తారు. ఆ బ్యాచ్‌లో పని పంపకం ఎలా జరుగుతుందో ఏ అధ్యాపకురాలినైనా అడగండి. సోల్డరింగ్, కోడ్ రాయడం మగపిల్లలది. రికార్డు టైపు చేయించడం, బైండింగ్, బొమ్మలు, వైవా రోజున స్లైడ్లు ఆడపిల్లలది. “మీ దస్తూరి బాగుంటుంది కదా” అని మొదలై, వంటింటి పంపకం అలాగే వచ్చి ల్యాబ్‌లో కూర్చుంటుంది. ఆర్నెల్ల తరువాత ఐఐటి ఇంటర్వ్యూలో ఆ పిల్లని “ఫిల్టర్ కటాఫ్ ఎందుకు అంత పెట్టారు?” అని అడిగితే నోరు పెగలదు. రికార్డులో ఆ అంకెను తన చేత్తోనే రాసింది. ఎందుకో ఆమెకెవరూ చెప్పలేదు. బయటికొచ్చిన ఇంటర్వ్యూ బోర్డు వాళ్ళు “అమ్మాయిలకు మార్కులుంటాయి గానీ లోతు ఉండదండీ” అని పెదవి విరుస్తారు.

అసలు ప్రాజెక్టు చేసే బ్యాచ్‌లే ఎన్ని? అమీర్‌పేటలో డబ్బు పడేస్తే ప్రాజెక్టు, రికార్డు, వైవా ప్రశ్నలకు జవాబులతో సహా కట్ట కట్టి ఇచ్చే దుకాణాలు వీధివీధికీ ఉన్నాయని కాలేజీలకు తెలియదా? తెలుసు. పదిహేను మంది పిల్లలకొక గైడును పెట్టి, ఆ గైడుకు వారానికి ఇరవై గంటల పాఠాలు, పైన నాక్ పనులు, అడ్మిషన్ల సీజన్లో ఊళ్ళమీద పడి పిల్లల్ని పట్టుకొచ్చే పని అప్పజెప్పాక ప్రాజెక్టు కొనక ఏం చేస్తారు? ఆ గైడు కూడా చాలాసార్లు స్త్రీయే అన్నది మరచిపోకండి. పెళ్ళి సంబంధం కుదిరేదాకా ఖాళీగా ఎందుకని ఎం.టెక్. చేసి, పెళ్ళయ్యాక దగ్గర్లో ఉందని ఏదో కాలేజీలో చేరి, కాగితం మీద ఒక జీతం, చేతిలో ఇంకో జీతంతో, సెలవుల్లో జీతమే లేకుండా బతుకుతున్న స్త్రీ ఆమె. తనకే పరిశోధన అందలేదు, విద్యార్థినికేం అందిస్తుంది? తన తరువాత వచ్చే పిల్లలకు ఆమె ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్ని అమెరికాలో ఎవరూ గుర్తుపట్టరు.

ఆడపిల్లలకు పరిశోధన మీద ఆసక్తి లేదనే మాటను పదిహేడేళ్ళలో స్టాఫ్‌రూముల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మన దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడపడుచే. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చేతిలో నెలల బిడ్డతో మిగిలిన ఆమె, గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి 1940ల్లో పట్టా పుచ్చుకుంది. భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్ళింది. మహిళా దినోత్సవాల్లో ఆమె ఫోటో పెట్టి దండలు వేసే కాలేజీలు ఒక్క సంగతి దాటేస్తాయి. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే గిండీ కాలేజీలో ప్రొఫెసరు. కూతురి కోసం ఆయనే ప్రిన్సిపాల్‌ని, విద్యాశాఖ అధికారుల్ని ఒప్పించాడు. ఆమె ప్రతిభను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. తాళం ఇంట్లో ఉంటే తలుపు తెరుచుకుంటుందని చెబుతున్నాను. మిరప కోతకు పోయే తల్లి కూతురికి ఆ తాళం ఎవరిస్తారు?

అక్కడ అమెరికాలో మాత్రం అంతా ప్రతిభే చూస్తారనుకునేవాళ్ళకు రెండు అధ్యయనాల సంగతి చెబుతాను. 2012లో యేల్ పరిశోధకులు సైన్సు విభాగాల్లోని 127 మంది ప్రొఫెసర్లకు ల్యాబ్ మేనేజరు ఉద్యోగం కోసం ఒక విద్యార్థి దరఖాస్తు పంపారు. అక్షరం పొల్లు పోకుండా ఒకటే దరఖాస్తు. కొందరికి పంపినదాని మీద జాన్ అని పేరు, కొందరికి పంపినదాని మీద జెన్నిఫర్ అని. జాన్ సమర్థుడన్నారు, ఏడాదికి సగటున 30,238 డాలర్లు ఇస్తామన్నారు. జెన్నిఫర్‌కు 26,508. స్త్రీ ప్రొఫెసర్లూ అదే తూకం తూచారు. 2015లో వెలువడిన మరో అధ్యయనంలో, పిహెచ్.డి.లో చేరాలని ఉంది, కాసేపు మాట్లాడతారా అని విద్యార్థుల పేర్లతో 6,500 మందికి పైగా ప్రొఫెసర్లకు ఉత్తరాలు పంపారు. తెల్ల మగవాళ్ళ పేర్లతో పోయినవాటికి వచ్చినన్ని జవాబులు స్త్రీల, ఇతర జాతులవారి పేర్లతో పోయినవాటికి రాలేదు. ఆ పేర్లలో భారతీయ పేర్లూ ఉన్నాయి. అంటే మన పిల్ల ఇక్కడ ఒక గడప, అక్కడ రెండు గడపలు దాటాలి. అందుకే ఆమె చేతిలో మాటలకు బదులు చేసి చూపించిన పని ఉండాలంటున్నాను.

ఇప్పుడు డబ్బు సంగతి. అసలు పట్టు ఇక్కడే ఉంది. అమెరికాలో ఎం.ఎస్. సొంత ఖర్చు చదువు. ముప్ఫై, నలభై లక్షలు. ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతాయి. ఇల్లు తాకట్టు పెట్టి కొడుకుని పంపిన తండ్రుల్ని ఎంతమందినైనా చూపిస్తాను. అదే ఇల్లు కూతురి చదువుకు తాకట్టు పెట్టమంటే కట్నం ఎలా అంటారు. అదే ఇంజనీరింగ్ పిహెచ్.డి. అయితే బి.టెక్. తరువాత నేరుగా చేరవచ్చు. చేర్చుకుంటే సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు, అసిస్టెంట్‌షిప్ కింద నెలనెలా డబ్బు ఇస్తారు. ఇల్లు తాకట్టు అక్కర్లేదు, తండ్రి సంతకం అక్కర్లేదు. మన దేశంలోనూ అంతే. 2018లో మొదలైన ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకు 70,000 రూపాయలిచ్చింది. తొలుత కేంద్ర విద్యాసంస్థల పిల్లలకే అన్నారు, తరువాత బయటి కాలేజీలవాళ్ళకు గేట్ స్కోరు 750 కావాలన్నారు, 2020లో దాన్ని 650కి దించారు. చేతికి ఏటా లక్షలు వచ్చే చదువు, చేతి నుంచి లక్షలు పోయే చదువు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా చాలావరకు బి.టెక్.లో చేసిన ఆ పరిశోధనే. ఆస్తి లేని పిల్లకు, ఆస్తి ఉన్నా అది తనదని అనిపించుకోని పిల్లకు, అది సరదా కాదు. అదే ఆమె కట్నం, అదే ఆమె తాకట్టు. 2025లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులు కోసేయడంతో కొన్ని విశ్వవిద్యాలయాలు పిహెచ్.డి. ప్రవేశాలు తగ్గించాయి. ఉన్న కొద్ది సీట్లకు పోటీ పెరిగితే ముందు రాలిపోయేది ఉత్తరం బలం లేని దరఖాస్తులే.

మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. రెండు నెలలు ఏదో ఒక జాతీయ సంస్థలో శాస్త్రవేత్త దగ్గర పని, భత్యం, రానూపోనూ ఛార్జీలు. ఏ కాలేజీ వాళ్ళయినా పెట్టుకోవచ్చు. మా క్లాసులో ఒకమ్మాయికి బెంగుళూరులో వచ్చింది. ఆమె తండ్రి నా దగ్గరకొచ్చాడు. మంచి మనిషి. కూతురి ఫీజు కోసం గేదెను అమ్మినవాడు.

“రెండు నెలలు ఎవరింట్లో ఉంటది మేడం?” అన్నాడు.

“హాస్టలు వాళ్ళే ఇస్తారండీ. అక్కడ ఆడపిల్లలు చాలామంది ఉంటారు.”

“అది కాదు మేడం. వైశాఖంలో సంబంధం మాట్లాడుకుందామన్నారు. పిల్ల ఊళ్ళో లేదంటే ఎక్కడికెళ్ళిందని అడుగుతారు. చదువుకోను పోయిందంటే, సెలవుల్లో చదువేందంటారు.”

ఆ పిల్ల వెళ్ళలేదు. ఆ సంబంధమూ కుదరలేదు. నేను ఆ తండ్రి మీద కోపం తెచ్చుకోలేను. అతనికి ధైర్యం చెప్పవలసిన కాలేజీ ఏం చేసిందో చెబుతాను: ప్రిన్సిపాల్ గారు “మాకెందుకండీ రిస్కు” అని నిరభ్యంతర పత్రం మీద సంతకమే పెట్టలేదు.

ఇక మన పాఠకుల్లో చాలామందికి నేరుగా తగిలే విషయం. ఒకడి సంతకం మీద ఒక పిల్ల జీవితం ఆధారపడి ఉన్నప్పుడు ఆ సంతకానికి వెల కట్టేవాడు తయారవుతాడు. ఒక కాలేజీలో ఒక విభాగాధిపతి, ఉత్తరం కావాలంటే అందరూ వెళ్ళాక గదికి రమ్మన్నాడు. ఆమె వెళ్ళలేదు. ఉత్తరం రాలేదు, దరఖాస్తుల గడువు దాటింది. ఫిర్యాదు చేస్తానంటే, కమిటీలో ఉన్న మేడమ్‌లంతా ఆయన కింద పనిచేసేవాళ్ళే. విశాఖ తీర్పు 1997లో వచ్చింది, చట్టం 2013లో వచ్చింది, 2015 యుజిసి నిబంధనలు, 2016 ఎఐసిటిఇ నిబంధనలు విద్యార్థినులకు కూడా రక్షణ ఇచ్చాయి. యుజిసి నిబంధనల ప్రకారం విభాగాధిపతులు ఆ కమిటీలో ఉండకూడదు. విద్యార్థుల విషయమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులుండాలి. బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరుండాలి. విచారణ జరుగుతుండగా ఫిర్యాదీ పరీక్షలనూ పనినీ నిందితుడు మూల్యాంకనం చేయకుండా ఆపవచ్చు. బాగానే ఉంది. కానీ సిఫార్సు ఉత్తరం మూల్యాంకనం కిందకి రాదంటారు. రాయకపోవడం నేరం కాదంటారు. అతడిని ఆపగలరు, ఆమెకు ఉత్తరం ఎవరిస్తారు? చట్టం చేయి ఇక్కడిదాకా రాలేదు.

ఆ ‘బయటి సభ్యులు’ ఎవరు? మనమే. మన సంస్థల నుంచి ఎంతోమందిమి ఇంజనీరింగ్ కాలేజీ కమిటీల్లో పేరుకు ఉన్నాం. ఏడాదికోసారి పిలిచి, టీ ఇచ్చి, ‘ఫిర్యాదులు ఏవీ రాలేదు’ అన్న నివేదిక మీద సంతకం తీసుకుంటారు. ఇకనుంచి సంతకం పెట్టేముందు ల్యాబ్ రిజిస్టర్ తెమ్మని అడగండి. సాయంత్రం అయిదు తరువాత సంతకాల్లో ఆడపిల్లల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రాజెక్టు బ్యాచ్‌లలో ఎవరేం పని చేశారో విడివిడిగా రాయించమని అడగండి. ఒక్కడి ఉత్తరం మీద ఆధారపడకుండా, ఆమె పని చూసిన మరో అధ్యాపకురాలో, ల్యాబ్ ఇన్‌ఛార్జో ఉత్తరం రాసే ఏర్పాటు రాతపూర్వకంగా ఉండాలని అడగండి. ఇది చిన్న విషయం అనిపించవచ్చు. సంతకం ఒక్కడి గుప్పిట్లో ఉన్నంతకాలం ఆ గది తలుపు వెనక జరిగేది మన దాకా రాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి కూడా. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చెల్లించకపోతే కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లను బందీ చేస్తున్నాయి. సీటు వచ్చి కూడా కాగితాలు చేతికి రాక చేరలేకపోయిన పిల్లలున్నారు. మగపిల్లవాడైతే తండ్రి వడ్డీకి తెచ్చి విడిపిస్తాడు. ఆడపిల్లకు, ఇదీ ఒకందుకు మంచిదే, పెళ్ళి చేసేద్దాం అంటారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యుజిసి 2018లోనే చెప్పింది. ఆ నోటిఫికేషన్ కాపీ ప్రతి జిల్లా కార్యాలయంలోనూ ఉండాలి.

ఐఐటిల్లో 2016లో బి.టెక్.లో చేరినవాళ్ళలో ఆడపిల్లలు నూటికి ఎనిమిది మందే. పైన అదనపు సీట్లు వేసి, 2018 నుంచి పెంచుతూ 2020 నాటికి ఇరవై శాతానికి తెచ్చారు. తలుచుకుంటే నాలుగేళ్ళలో జరిగిన పని అది. తలుచుకోనిది మన ఊరి కాలేజీ సాయంత్రం బస్సు.

మా జిల్లాలో పదకొండు కాలేజీలకు నాలుగు ప్రశ్నలతో ఉత్తరాలు రాశాం: ల్యాబ్ ఎన్ని గంటలకు మూస్తారు, ఆఖరి బస్సు ఎప్పుడు, హాస్టల్ హాజరు ఎప్పుడు, గత మూడేళ్ళలో వేసవి ఫెలోషిప్‌కు ఎంతమంది ఆడపిల్లల దరఖాస్తులు మీ సంతకంతో వెళ్ళాయి. ఇప్పటికి రెండు కాలేజీలు జవాబిచ్చాయి. మిగతా తొమ్మిదింటికి ఈ నెల స్వయంగా వెళుతున్నాం. జవాబులు, జవాబివ్వని కాలేజీల పేర్లు వచ్చే సంచికలో ఇస్తాం.